పాలకూర మడి

నేను ఇస్త్రీ చేసే లాండ్రీ వరండాలో వారానికోసారి కూరగాయల బుట్టలు దిగేవి. ఊరి బయట పొలం చేసే ఒకావిడ వాటిని వ్యానులో తెచ్చి దించేది. అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. సాయంత్రానికల్లా ఒక్కో ఇంటివాళ్ళు వచ్చి ఒక్కో బుట్ట పట్టుకుపోయేవారు. ఎవరూ డబ్బు తీసేవారు కాదు, బేరమాడేవారు కాదు.

బట్టలు మడతపెడుతూ వాళ్ళ మాటలు వినగా వినగా నాకు సంగతి అర్థమైంది. విత్తనం వేయకముందే వీళ్ళంతా ఆ పంటకాలానికి సరిపడా డబ్బు ఆమెకు కట్టేస్తారు. ఆ తర్వాత పొలంలో ఏది పండితే అందులో తలా ఒక వాటా. మధ్యలో దుకాణం లేదు, దళారి లేడు. అందుకే బజారుకంటే చవగ్గా పడుతుంది.

అప్పుడు మా అక్కకు ఆరో నెల. నర్సు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, "రక్తం బొత్తిగా లేదమ్మా. మాత్రలిస్తాను గానీ ఆకుకూర తినాలి. ఎప్పుడో ఒకసారి కాదు, రోజూ" అంది. అక్క బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక మాత్రం, "రోజూనా!" అని నవ్వేసింది. పాలకూర కట్ట ధర అడిగి, ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు నడిచెళ్ళిపోవడం మాకప్పటికే అలవాటైపోయింది. ఇంట్లో సంపాదించేది నేనూ, బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేసే బావా.

ఒకరోజు పెద్దమ్మ ఖాళీ బుట్టలు వ్యానులోకి ఎక్కిస్తుంటే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వెళ్ళి ఓ చెయ్యేశాను. నేను ఎవరినీ ముందుగా పలకరించే మనిషిని కాను. ఆరోజు ఎలాగో నోరు పెగిలింది.

"మాకూ ఒక వాటా కావాలి పెద్దమ్మా. ఒకేసారి కట్టడం మావల్ల కాదు."

"ఇంట్లో పనిచేసే చేతులున్నాయా?"

"మా బావ ఉన్నాడు."

"పొలంపని వచ్చా?"

"బస్సు మొత్తం విప్పి బిగిస్తాడు."

పెద్దమ్మ పకపకా నవ్వింది. "అయితే పాలకూర ఓ లెక్కా! సెలవురోజు పొద్దున్నే పంపించు. పనిచేస్తే అదే వాటా డబ్బు."

ఇంటికెళ్ళి చెప్తే బావ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏం మరదలా, నన్ను అమ్మేశావా?"

"అమ్మలేదు బావా. అద్దెకిచ్చాను."

"అడిగేవాళ్ళు లేక ఇన్నాళ్ళూ ఆయన నా దగ్గర పడున్నారు" అంది అక్క, వంటింట్లోంచి.

బావ మట్టి తవ్వాడు, ఎరువు మోశాడు, మొండికేసిన నీళ్ళ మోటారును దారికి తెచ్చాడు. మా ఇంటికి బుట్ట రావడం మొదలైంది. చిక్కుళ్ళు, క్యారెట్లు, అన్నిటికంటే పైన చేతినిండా పట్టేంత పాలకూర. అక్క దాన్ని తడిగుడ్డలో చుట్టి దాచుకుని రోజూ కొంచెం వండుకునేది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం కాస్త తగ్గిందనిపించి మేమంతా తేలికపడ్డాం.

అలాంటి సమయంలో ఒక సెలవురోజు నేనూ బావతోపాటు పొలానికి వెళ్ళాను. పెద్దమ్మ ఏదో పనిమీద పక్క పొలానికి వెళ్తూ, "పాలకూర మడి నీది. ఇంటికో కట్ట చెయ్యి" అని బావకు చెప్పి వెళ్ళింది.

మేం పుట్టి పెరిగిన ఊళ్ళో ఆకుకూర ఎప్పుడూ వేళ్ళతోనే అమ్మేవారు. కట్ట తిరగేసి, వేరు పచ్చిగా ఉంటేనే అమ్మ కొనేది. బావదీ ఆ ఊరే. పెద్దమ్మ పొలంలో పద్ధతి వేరు. చుట్టూ ముదిరిన ఆకులు మాత్రం కత్తితో కోసి, నడిమి లేతాకుల్ని మొక్కకే వదిలేస్తారు. వారం తిరిగేసరికి అదే మొక్క మళ్ళీ నిండుతుంది. ఇది చెప్పాల్సిన విషయమని ఆవిడకు తోచలేదు, అడగాల్సిన విషయమని మాకు తోచలేదు. బావ మడి మొత్తం పీకాడు. నేను వేళ్ళు కడిగాను. నట్లు, బోల్టులు పేర్చినట్టు వేళ్ళన్నీ ఒక వరసకు తెచ్చి కట్టలు కట్టాడు.

పెద్దమ్మ వచ్చి ఖాళీ మడి దగ్గర ఆగిపోయింది.

"మొత్తం పీకేశావా?"

"ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు పెద్దమ్మా!" అన్నాడు బావ, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

ఆవిడ గట్టుమీద కూలబడింది. "ఈ కాలమంతా ఇందులోంచే కోసుకోవాలి కదయ్యా."

బావ ముఖంలో రంగు పోయింది. తిరిగి నాటేద్దామన్నాడు. ఈ ఎండకు నిలవవని ఆవిడ తల అడ్డంగా ఊపింది. కట్టలన్నీ వ్యానులోకి ఎక్కించి లాండ్రీకి బయల్దేరాం. దిగేముందు బావ, "అందరికీ నేనే చెప్తాను" అన్నాడు.

వరండాలో జనం పోగయ్యాక బుట్టల ముందు నిలబడ్డాడు. "ఇక పాలకూర రాదండీ. మడంతా నేనే వేళ్ళతో పీకేశాను. మా బుట్ట ఆపేయండి. పనికి మాత్రం వస్తాను."

ఆ బుట్ట ఆగితే అక్క ఏం తింటుందన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

వాటా ఉన్నవాళ్ళలో ఒకాయన, బేకరీ మావయ్య, ఒక కట్ట పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. "కట్టడం మాత్రం బాగా కట్టావయ్యా. పెద్దమ్మా, నిరుడు వడగళ్ళు పడి టమాటాలన్నీ పోయాయి. అప్పుడు ఎవరి బుట్ట ఆపాం? వడగళ్ళదా?"

వరండా అంతా ఘొల్లుమంది.

"పండినా అందరికీ, పోయినా అందరికీ అని డబ్బు కట్టించుకున్నరోజే చెప్పావుగా" అన్నాడాయన.

"చెప్పాను. ఇప్పుడూ అదే మాట" అంది పెద్దమ్మ. "పైగా ఈ వడగళ్ళాయన మళ్ళీ దున్ని విత్తుతాడు. ఆ వడగళ్ళు ఆపాటి కూడా చెయ్యలేదు."

బావ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

బుట్ట కోసం వచ్చిన కండక్టరు ఆంటీ నా దగ్గరికొచ్చి, "మీ అక్కకి కదూ ఆకుకూర తినమన్నారు?" అంది. తన బుట్టలోని బీట్‌రూట్ దుంపల తలలు పుటుక్కున విరిచి, ఆ ఆకులు నా ఇస్త్రీబల్ల మీద పెట్టింది. "ఇవి మేం పారేస్తాం పిల్లా. ఇదీ పాలకూర చుట్టమే, అలాగే వండుకోవచ్చు. అవునా పెద్దమ్మా?"

"సొంత చుట్టమే" అంది పెద్దమ్మ.

వెనకున్నవాళ్ళూ విరిచారు. కాసేపటికి నా బల్లమీద బట్టలకు చోటు లేకుండా ఎర్రకాడల ఆకులు. ఆ వారమే కాదు, బుట్టలొచ్చిన ప్రతిసారీ అలాగే ఇచ్చారు. కొందరు నేను లేనప్పుడు తడి కాగితంలో చుట్టి బల్లమీద వదిలి వెళ్ళేవారు.

"ఎవరిచ్చారే ఇవి?" అని అడిగేది అక్క.

"ఎవరో. చూడలేదు."

"చూడాలి కదే. ఎవరింటి తిండి తింటున్నానో తెలియొద్దూ నాకు?"

నర్సు మళ్ళీ కనురెప్ప లాగి చూసింది, రక్తం పరీక్ష చేయించింది. "బాగా పెరిగింది. పాలకూర తింటున్నావా?" అంటే అక్క బావవైపు చూసింది. బావ గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

అక్కకు నెలలు నిండుతుండగా కొత్త మడి కోతకొచ్చింది. ఆరోజు తనూ లాండ్రీకి వస్తానని పట్టుబట్టింది. వరండాలో అందరూ, "ఏం వడగళ్ళాయనా, ఈసారి మొక్కలు మిగిల్చావా?" అని బావను ఆటపట్టిస్తుంటే, బుట్టల పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏదో చెప్పాలని లేచి, మళ్ళీ కూర్చుంది.

తర్వాత తనకు తోచిన పని మొదలుపెట్టింది. బావ ఒక్కో బుట్ట ఎత్తి పట్టుకుంటే, అందులో తన చేత్తో పాలకూర కట్ట ఉంచి, "మీ ఇల్లెక్కడండీ? ఇంట్లో ఎవరెవరుంటారు?" అని ప్రతి ఒక్కరినీ అడిగింది. వాళ్ళు చెప్పేది పూర్తిగా విన్నాకే బుట్ట వదిలింది. వరస నెమ్మదిగా కదిలింది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి మా బుట్ట ఒక్కటే మిగిలింది. అందులోనూ అందరికీ పెట్టినంత కట్టే పెట్టి, ఇక పదండి అంది.