ఎడమ బుగ్గ

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీకు చెప్పాల్సిన వయసులో మీ చుట్టూ వేరే మాటలు, వేరే కథలు ఉండిపోయాయి. కంగారేం లేదు, ఇప్పుడు వినండి. తింటూనైనా వినొచ్చు. కాకపోతే రెండు వైపులా నమలండి. ఎందుకంటున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

ఒకావిడ ఉండేది. ముఖానికి రాసుకునే క్రీములు తయారుచేసే చిన్న కర్మాగారంలో ఆవిడకి పని. పెద్ద పెద్ద గిన్నెల్లో నూనెనీ నీళ్లనీ కలిపి, మరలు తిరుగుతుంటే పక్కన నిలబడి ఆ క్రీము పాలలా విరక్కుండా చూసుకోవడం సగం పని. మిగతా సగం పని ఆవిడ ముఖమే చేసేది. కొత్త క్రీము ఏది తయారైనా ముందు ఆవిడ ఎడమ బుగ్గకి రాసేవారు. కుడి బుగ్గకి ఏమీ రాసేవారు కాదు. మనిషికీ మనిషికీ చర్మం వేరు కాబట్టి, ఒకే ముఖంలో సగానికి రాసి సగం వదిలేస్తేనే అసలు తేడా తెలుస్తుందని కెమిస్టు చెప్పింది. చెప్పి, తన వేలితో ఆవిడ నుదుటి మధ్య నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా ఒక గీత గీసి చూపించింది. ఆ గీత ఆవిడ ఎన్నడూ దాటలేదు.

పొద్దున్న లేవగానే ముఖం కడుక్కుని ఎడమవైపు విటమిన్ సి సీరం, అది ఆరాక తేమ నిలిపే క్రీము, దాని మీద ఎండ తగలకుండా ఇంకో క్రీము. పడుకునే ముందు ఎడమవైపు ముడతలు తగ్గించే రెటినాల్, బఠాణీ గింజంత. కుడివైపుకి రెండు పూటలా ఉత్త నీళ్లు. పడుకోవడం కుడి బుగ్గ మీదే, ఎడమ బుగ్గకి దిండు ముడతలు పడకూడదు కాబట్టి. బస్సులో ఎండ ఎటు పడితే అటు కుడి బుగ్గ పెట్టి కూర్చునేది.

ఇంతవరకూ బాగానే ఉంది. క్రీముతో పాటు తిండి కూడా పరీక్షలో ఉండాలని యజమాని పట్టుబట్టాడు. నానబెట్టిన బాదంపప్పు, అవిసె గింజలు, నారింజ తొనలు, ఆకుకూరలు, ఉప్పు లేకుండా ఉడికించిన చేపముక్క తినాలి. పంచదార, వేపుళ్లు ముట్టకూడదు. తిండి కడుపులోకి పోయాక కుడేమిటి, ఎడమేమిటి అని కెమిస్టు తల పట్టుకుంది. కానీ మన ఆవిడ చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. మంచి తిండంతా ఎడమ దవడతో నమిలింది. ఇంట్లో ఉన్న మామూలు తిండి, రొట్టె, కూర, వేపుడు, కుడి దవడతో నమిలింది. టీ తాగేటప్పుడు చెవిలో నీళ్లు పోయినవాళ్లలా తల కుడివైపుకి వాల్చేది. టీ కొట్టు ముసలాయన ఆవిడ వస్తే కుడివైపుకి వచ్చి మరీ గ్లాసు అందించేవాడు.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. రోజంతా లిఫ్టుల్లో ఉంటాడు కాబట్టి సాయంత్రం ఇంటికి మాత్రం మెట్లెక్కి వచ్చేవాడు. భుజాన పనిముట్ల సంచి, అందులో రెంచీలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆ చప్పుడు రెండో అంతస్తు దాటగానే ఆవిడ తలుపు గడియ తీసేది. ఆయనకి పెళ్లాం ముఖం పెద్ద వేడుక. "ఇవాళ ఎటువైపు మాట్లాడాలి, జీతం వచ్చే వైపా, రాని వైపా?" అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం, ఏదో భవనంలో పనిచేస్తూ చేస్తూ గుండె పట్టేసి ఆయన చనిపోయాడు. కబురు కర్మాగారానికి వచ్చింది. ఆ పూట ఆవిడ ఎడమ బుగ్గకి కొత్త సీరం రాశారు. సాయంత్రం దాకా నీటి చుక్క తగలకూడదని నియమం. ఆవిడ రుమాలు మడిచి ఎడమ కన్నుకి అదిమిపెట్టుకుంది. కుడి కంటితోనే ఏడ్చింది. ఆస్పత్రిలో, ఇంట్లో, ఆ మర్నాడూ, ఆ తర్వాతా కుడి కంటితోనే ఏడ్చింది. కెమిస్టు ఇంటికొచ్చి, "ఎవరడిగారక్కా మిమ్మల్ని, కడిగేసుకుంటే సరిపోయేది కదా" అంది. ఆవిడకి ఆ మాట తట్టనే లేదు. ఎడమ కన్ను మాత్రం అప్పటి నుంచి తడవలేదు.

ఆ రోజు నుంచి ఎడమవైపు వయసు ముందుకి కదల్లేదు. అదే క్రీము రాసుకున్న మిగతా వాళ్లకి కాస్త నునుపు వచ్చింది, ఒకటి రెండు గీతలు పలచబడ్డాయి, అంతే. ఈవిడకి ఎడమ బుగ్గ ఆ మధ్యాహ్నం దగ్గరే ఉండిపోయింది. కుడి బుగ్గకి కంటి పక్కన ముడతలు, పెదవి చివర మడత, చెంప మీద ఎండ మచ్చలు, అన్నీ వేళకి వచ్చాయి. కెమిస్టు చూసి చాలా మంచి ఫలితం అంది. వీధి అలవాటు పడింది. కూరగాయల బండివాడు ఎప్పుడూ ఆవిడ కుడివైపే నిలబడి మాట్లాడేవాడు. ఎడమ చెవితో వింటే ఆవిడ పాత ధరలకి బేరం మొదలుపెడుతుందని వాడి బాధ.

ఎందుకంటే ఎడమ చెవికి సాయంత్రం పూట ఇంకా మెట్ల మీద రెంచీల గలగల వినిపించేది. ఆవిడ లేచి గడియ తీసేది. ఆవిడకి సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. స్టవ్ మీద పాలు చూసుకున్నట్టే అదీ. కాసేపటికి కూతురు వచ్చి గడియ వేసేది.

కూతురికి తండ్రి పోయేనాటికి నాలుగేళ్లు. ఇప్పుడు తల్లి భుజం దాటింది. పుస్తకాల సంచీతో వచ్చి ఎప్పుడూ తల్లికి కుడిపక్కనే కూర్చునేది. చిన్నప్పుడే దానికి అర్థమైపోయింది, ఎడమ కంటికి తను నాలుగేళ్ల పిల్లలాగే కనిపిస్తుందని. ఎడమవైపు నుంచి పిలిస్తే అమ్మ వంగి, తన నడుము దగ్గర గాలిలో చెయ్యి పెట్టి, లేని తలని నిమిరేది. కుడివైపు నుంచి పిలిస్తే తలెత్తి చూసేది.

ఇలా ఉండగా యజమాని ఆవిడని పిలిపించాడు. పెద్ద దుకాణంలో అద్దాల గది కట్టిస్తున్నారట. క్రీము కొనేవాళ్లు చూసేలా అందులో ఆవిడ కూర్చోవాలి. గిన్నెల దగ్గర నిలబడే పని ఉండదు, మోకాళ్లకి సుఖం. అయితే సగం ముఖం అద్దాల గదిలో బాగుండదు కదా. కొత్తగా చేసిన ఘాటు క్రీము కుడివైపు రాస్తే, తొందర్లోనే కుడి బుగ్గ ఎడమ బుగ్గని కలుసుకుంటుందన్నాడు. ఆయన వెళ్లాక కెమిస్టు తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, నేను దాచిపెట్టి చెప్పను. గీతలు పోతే కుడివైపు ఇన్నాళ్లూ చూసినవి కూడా వాటితో పోవచ్చు."

కుడివైపు ఏం చూసిందో ఆవిడ కాసేపు ఆలోచించింది. గుర్తొచ్చినవి పెద్దగా ఏమీ లేవు. బస్సులు, గిన్నెలు, జ్వరాలు, బడి ఫీజులు, పిల్ల ఎదగడం. ఎడమవైపు ఏ నొప్పీ లేదు. రెండు వైపులా అలా ఉంటే ఒక గోల వదిలిపోతుంది కదా అనిపించింది.

"సరే మేడం," అంది. "సోమవారం మొదలుపెడదాం."

ఇంటికొచ్చి క్యారెట్లు చెక్కు తీస్తూ కూతురికి ఆ సంగతి చెప్పింది. కర్మాగారంలో కొత్త గిన్నె కొన్నారని చెప్పినట్టే చెప్పింది. కూతురు విని, లేచి, ఎప్పుడూ లేనిది తల్లికి ఎడమపక్కకి వచ్చి నిలబడింది.

"అమ్మా, ఇటు నుంచి నేనెలా ఉన్నాను?"

"ముక్కు కారుతోంది. జుట్టు చెదిరింది," అంది ఆవిడ, చూపు కిందికి దించి.

"రెండు వైపులా అలాగే కనిపిస్తే, మరి నాతో ఎవరు మాట్లాడతారు?"

ఆవిడ చెక్కు తియ్యడం ఆపలేదు. "ఏ వయసు పిల్లవైతేనేం, అన్నం పెడతాను కదా," అంది.

కూతురు తలుపు దాకా వెళ్లి, తెరిచి ఉన్న గడియ వేసి, పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఆ రాత్రి ఆ పిల్ల పేజీ తిప్పిన చప్పుడు వినపడలేదు.

ఆదివారం సాయంత్రం వంట తనే చేస్తానంది. అంతవరకూ ఆ పిల్ల పొయ్యి ముట్టించింది లేదు. బంగాళాదుంపలు ముక్కలు కోసింది, అవి ఒక్కొక్కటీ ఒక్కో సైజు. నూనె పోసి వేయించింది. మధ్యలో ఉప్పు వేశానో లేదో అని మళ్లీ వేసింది. కింద మాడింది, పైన పచ్చిగా ఉంది. మాడిన పెచ్చుల్ని గరిటెతో గీకి, అవే కరకరలాడుతూ బాగుంటాయని తల్లి పళ్లెంలో వేసింది. వేసి, ఎదురుగా కూర్చుంది.

ఆవిడ అలవాటు ప్రకారం కుడివైపు పెట్టుకుని నమిలింది. ఇన్నేళ్లూ రొట్టెలూ ఎముకలూ వేపుళ్లూ అన్నీ ఆ దవడే మోసింది. పళ్లు అరిగి ఉన్నాయి. మాడిన పెచ్చు కింద ఒక పన్ను టక్కుమని విరిగింది. నొప్పి చెవి దాకా పాకింది. ఇంక ఆ వైపు నమలడం కాని పని.

నోట్లో ముద్ద అలాగే ఉంది. ఉమ్మెయ్యాలి. ఎడమవైపుకి వేపుడు, అందులోనూ ఇంత ఉప్పు, ఎన్నడూ పోలేదు. ఆవిడ లేవబోయింది. కుడి కంటికి కూతురు కనిపించింది. చెంప మీద నూనె చింది ఎర్రగా కందింది. దాన్ని చేత్తో కప్పుకుని, తల్లి ముఖం కేసే చూస్తోంది. చెత్తబుట్ట దాకా వెళ్తుందా, వెళ్లదా అని చూస్తోంది.

ఆవిడ మళ్లీ కూర్చుంది. నాలుకతో ముద్దని ఎడమవైపుకి నెట్టింది. నమిలింది.

"ఎలా ఉంది?" అంది కూతురు.

"ఉప్పు ఎక్కువైంది."

"చాలా?"

"చాలా," అని ఇంకో ముద్ద పెట్టుకుంది, అదీ ఎడమవైపే.

పళ్లెం ఖాళీ అయ్యేదాకా తింది. మధ్యలో మెడ దగ్గర చల్లగా అనిపిస్తే చెయ్యి పెట్టి చూసుకుంది. జాకెట్టు ఎడమ భుజం తడిసి ఉంది. నీళ్ల గ్లాసు ఒలికిందేమో అనుకుంది, గ్లాసు నిండుగానే ఉంది. ఎడమ కంట్లోంచి నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి. ఏడుస్తున్నట్టు ఆవిడకేం అనిపించలేదు. వాన వెలిశాక చూరు నుంచి కారుతుందే, అలా కారాయి. కూతురు లేచి రుమాలు తెచ్చింది. తెచ్చి, ఇవ్వాలా వద్దా అని చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"అక్కర్లేదు, కారనీ," అంది ఆవిడ.

కన్ను అలా కారుతుండగానే నిద్రపోయింది. ఆ రాత్రి ఎడమ బుగ్గ మీద పడుకుంది, కుడి దవడ వాచింది కాబట్టి.

పొద్దున్న కర్మాగారంలో కెమిస్టు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కొత్త డబ్బా మూత తీసి తిరిగి చూసింది. ఎడమ కంటి పక్కన ముడతలు ఉన్నాయి. పెదవి చివర మడత ఉంది. కుడివైపు ఉన్నట్టే అచ్చం కాదు. ఒకటి రెండు వంకర తిరిగి, ఆలస్యమైపోయిందని పరుగెత్తుకుని వచ్చి కూర్చున్నట్టు ఉన్నాయి. దిండు అచ్చు కూడా ఇంకా పోలేదు.

"ఏం తిన్నారక్కా?" అంది కెమిస్టు.

"బంగాళాదుంపలు. మా అమ్మాయి చేసింది. ఎడమవైపు తిన్నాను మేడం, పరీక్ష పాడుచేశాను."

కెమిస్టు డబ్బా మూత పెట్టింది. తిప్పి గట్టిగా బిగించింది. "దవడ వాచినట్టుంది, ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి," అంది. యజమానికి తను చెప్పుకుంటానంది. అద్దాల గదికి వేరే ముఖం దొరికింది. మన ఆవిడ మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లింది. మోకాళ్లు ఎప్పటిలాగే నొప్పి పుట్టాయి.

సాయంత్రం పన్ను పీకించుకుని, నోట్లో దూది పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ వేళకి మెట్ల మీద గలగలలు వినిపించాలి. ఆవిడ గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు. కింద ఒక తలుపు పడింది. ఇంకేం వినపడలేదు. కాసేపు చూసి ఆవిడ గడియ తనే వేసింది.

తిరిగేసరికి కూతురు ఎడమపక్క నుంచి వచ్చి, "అమ్మా," అంది. ఆవిడ చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. అక్కడ తల లేదు. చెయ్యి అక్కడ కాసేపు ఆగి, మెల్లగా పైకి వచ్చి, తన భుజం దాటిన ఆ తల మీద ఆగింది.

"ఎంత పొడుగయ్యావే," అంది, దూది అడ్డం పడుతుండగా.

పిల్లలూ, కథ ఇంతే. మీరు క్రీములు రాసుకోండి, ఎండలో తిరిగేటప్పుడు మరీ రాసుకోండి, ఆకుకూరలూ పళ్లూ తినండి, వేళకి పడుకోండి. వాటికి నేను వద్దనను. కానీ ఈ కథని మీ దగ్గరే ఉంచేసుకోకండి. రేపు మీ ఇళ్లలో పిల్లలు అన్నం దగ్గర మారాం చేస్తుంటే, మీకు వచ్చిన మాటల్లోనే చెప్పండి. మాటలు తప్పినా ఫరవాలేదు. ఉప్పు ఎక్కువైన సంగతి మాత్రం మరిచిపోకుండా చెప్పండి.