కుడివైపు లాగే కారు

కారు మళ్ళీ కుడివైపుకే లాగుతోందంటూ తండ్రి మూడోసారి కొడుకు వర్క్‌షాపుకు వచ్చాడు. బతుకంతా టాక్సీ నడిపినవాడు. స్టీరింగు పట్టుకుని, కింద ఏ నట్టు వదులైందో చెప్పగలిగినవాడు.

"నీ మెషిన్‌కి ముందు కళ్ళజోడు పెట్టించరా," అన్నాడు దిగుతూనే. "నా చేతికి తెలిసేది దానికి తెలియట్లేదు."

కొడుకు నవ్వలేదు. ముందు చక్రాల కోణాలు సరిగ్గానే ఉన్నాయని అలైన్‌మెంట్ మెషిన్ చూపినా, గత రెండుసార్లూ తండ్రి మాటనే ప్రమాణంగా తీసుకుని, చక్రాలను తిప్పే టైరాడ్లను సవరించి, ఆ కోణాలను తానే చెడగొట్టాడు. స్పానరు పట్టడం నేర్పిన చేతులను అనుమానించడానికి అతనికి మనసు రాలేదు. ఆ గౌరవం ఏం చేసిందో ఇప్పుడు టైర్లే చెబుతున్నాయి: లోపలి అంచులు రంపం పళ్ళలా అరిగిపోయాయి.

ఈసారి అతను కారును ర్యాంపు మీదికి ఎక్కించి, కీళ్ళన్నీ ఊపి చూసి, టైర్లు మార్చి, టైరాడ్లను మెషిన్ చెప్పిన కొలతకే తెచ్చి నట్లు బిగించాడు. గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీద, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని తానే నడిపాడు. చేతులు వదిలాడు. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది.

"నీ దగ్గర బుద్ధిగానే ఉంటుందిరా. దాని వేషాలన్నీ నా దగ్గరే."

"అయితే నువ్వు నడుపు నాన్నా. మెల్లగా."

సీట్లు మారారు. కొంచెం దూరం పోయేసరికి కారు కుడికి జరిగింది.

"చూశావా!" అన్నాడు తండ్రి, పందెం గెలిచినట్టు.

కొడుకు రోడ్డును చూడటం లేదు. తండ్రి చేతులనే చూస్తున్నాడు. కుడిచేతి బరువుకే స్టీరింగు అటు తిరుగుతోంది.

"రెండు చేతులూ వదులు నాన్నా."

వదిలాడు. కారు తిన్నగా పోయింది.

"ఇప్పుడు ఎడమచేత్తోనే పట్టుకో."

"నాకే పరీక్షలు పెడుతున్నావేంట్రా?" అంటూనే పట్టుకున్నాడు. వేళ్ళు స్టీరింగు చుట్టూ బిగియలేదు. నెమ్మదిగా జారి ఒళ్ళో పడ్డాయి. తండ్రి బ్రేకు తొక్కాడు.

కుడిచేత్తో ఆ చేతిని పైకెత్తి, ఎవరిదో వస్తువును చూసినట్టు తిప్పి చూసుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అడిగాడు కొడుకు.

"తిమ్మిరనుకున్నా. నిద్రలో చెయ్యి ఒంటికింద పడిందేమోనని..." ఆ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "మళ్ళీ నడపగలనంటావా?"

నడుపుతావులే అనే మాట కొడుకు నాలుక చివరిదాకా వచ్చింది. తండ్రికి నచ్చేదే చెయ్యడం అతనికి అలవాటు. ఆ మాటను మింగేశాడు.

"తెలీదు నాన్నా. ఆసుపత్రికి పోదాం. ఇప్పుడే."

తండ్రి దిగి, కారు ముందునుంచి చుట్టి వచ్చి కొడుకు వైపు తలుపు తెరిచాడు. కొడుకు ఇంకా కూర్చునే ఉన్నాడు.

"దిగరా, అటు పో. ఈ పూటకి ఇది నా సీటు."