కాజాల్లేని చొక్కా

"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు బాబాయ్.

చొక్కాలకు కాజాలు కుట్టే కాజాలక్క పచ్చి బాలింత. ఒక చేత్తో బిడ్డ తల పట్టుకుని, రెండో చేత్తో కలం అందుకుంది. కాగితం మీద 'నా ఇష్టప్రకారమే పని మానేస్తున్నాను' అని ఉంది.

పక్కన కాలర్లు కుట్టే పిల్ల అది చదివింది. ఆమెకిప్పుడు ఐదో నెల. ఇవాళ అక్క, రేపు నేను అనుకుంది. లేచి ఆ కలం లాక్కుంది.

"ఇదెవరి ఇష్టం బాబాయ్?"

ఆ కుట్టు షెడ్డులో ఓనరును అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయనా ఒకప్పుడు చొక్కాలు కుట్టినవాడే. "మనదంతా ఒకే కుటుంబం" అన్నది ఆయన ఊతపదం.

"నన్ను చంపకండే! బాలింత సెలవు జీతం సర్కారిస్తుందట, అడగాల్సింది మాత్రం నేనట. ఆఫీసుకెళ్తే ఈ కాగితం కాదంటారు. అది తెస్తే ఇంకోటంటారు. పెద్ద కంపెనీలో ఆ పనికే గది నిండా గుమాస్తాలుంటారు. నాకెవరున్నారు? మిషన్లకు నూనె పోసేదీ నేనే, షెడ్డు ఊడ్చేదీ నేనే. తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఆ జీతం నా జేబులోంచి ఇస్తే షెడ్డు మూతే."

"నీ చెప్పులరిగితే దాని పొట్ట కొడతావా?" ఇస్త్రీ తాత అరిచాడు.

"ఆయన మాత్రం ఏం చేస్తాడు తాతా? షెడ్డు మూతపడితే అందరం రోడ్డున పడతాం" అంది చొక్కా చేతులు కుట్టే వదిన.

మాటా మాటా పెరిగింది. మిషన్లు ఆగిపోయాయి. కాలరు పిల్ల బల్ల మీద చరిచింది.

"ఆయన అడకత్తెరలో పోకచెక్కే, కాదనను. మరి అక్కో? పైవాడు నలిపితే కిందివాళ్లను నలపడమా కుటుంబమంటే? ఇక మీరు బాబాయ్ కాదు. ఓనరు గారూ, ఆ కాగితం చింపండి. ఆఫీసుకు అందరం వస్తాం. సెలవు జీతానికి అక్క పేరు ఎక్కేదాకా ఆమె వంతు కాజాలు ఎవరం కుట్టం."

ఆ పిలుపుకు ఆయన ముఖం మాడిపోయింది. "చింపండి ఓనరు గారూ" అన్నారంతా, చివరికి వదిన కూడా. ఇష్టం లేకుండానే చింపాడు.

మర్నాడు ఓనరుతో కలిసి షెడ్డంతా వెళ్లేసరికి ఆఫీసులో వరస వీధిదాకా ఉంది. అధికారి తలెత్తలేదు.

"ఈమె పేరు కంప్యూటరు తీసుకోవడం లేదు. తర్వాత రండి."

కాలరు పిల్ల కొత్త చొక్కా ఒకటి ఆయన ముందు పరిచింది.

"తొడుక్కోండి సార్. గుండీలు పెట్టుకోండి."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాజాలేవీ?"

"కాజాలు కుట్టే మనిషిని మీ కంప్యూటరు తీసుకోవడం లేదు కదా!"

వరసంతా గొల్లున నవ్వింది. అధికారికి ఒళ్లు మండి పోలీసులకు ఫోన్ చేశాడు.

"ఎవర్రా మీ లీడరు?" అన్నాడు వ్యాను దిగిన పోలీసు జమేదారు. కాజాలక్క బిడ్డతో సహా వ్యానెక్కింది. వెనకాలే షెడ్డంతా ఎక్కింది. ఓనరు మెట్ల మీద ఒంటరిగా నిలబడిపోయాడు.

"నువ్వు ఓనరువి. ఇంటికి పోవయ్యా" అన్నాడు జమేదారు.

ఆయన అరిగిన చెప్పుల వంక చూసుకున్నాడు. తర్వాత వ్యాను తలుపు పట్టుకున్నాడు.

"కంప్యూటరెలాగూ తీసుకోలేదు. మీరన్నా తీసుకోండి."

"జరగండే, బాబాయ్‌కి చోటివ్వండి" అంది కాలరు పిల్ల. "మళ్లీ ఆ కాగితం తెచ్చావో, ఓనరు గారివే!"

ఇంజను మోగింది గానీ వ్యాను కదల్లేదు. అదే పని మీద వచ్చి వరసలో ఉన్న రొట్టెల బట్టీ వాళ్లు వచ్చి చక్రాల ముందు కూర్చున్నారు, వాళ్ల ఓనరుతో సహా.