సమ్సోను లంఖణం

పొద్దున్నే ఆరున్నరకి సమ్సోను తొట్టిలోంచి పైకొస్తాడు. బెటా చేపలకి నీళ్ళపైకి మూతి పెట్టి గాలి మింగే అలవాటు ఉంటుంది. సమ్సోను మాత్రం ఒక్క గుక్కతో ఆగడు. ఇంకాస్త పైకి, ఆపైన ఇంకాస్త పైకి వచ్చి, వంటింటి వైపు గాల్లో ఈదుకుంటూ పోతాడు. ఊరి శివారు క్లైడ్ నార్త్‌లో ఆ వీధి వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అద్దె ఇల్లు చూసిపోవడానికి వచ్చిన ఏజెంటమ్మాయి తల కాస్త పక్కకి వంచి వాడికి దారిచ్చి, కాగితం మీద "పెంపుడు జంతువులు: ఒక చేప" అని రాసుకుని వెళ్ళింది. పొడుగాటి ఎర్ర రెక్కలు చూసి, బైబిల్లో పొడుగు జుట్టు వీరుడి పేరు, సమ్సోను అని పెట్టింది ఇంటాయన ఫ్రాంక్లిన్. ఫ్యాన్ వేసేముందు ఒకసారి పైకి చూసుకోవాలి, అంతే. అంతకుమించి వాడితో ఇబ్బందేమీ లేదు.

ఇబ్బందంతా మనుషులతోనే. విక్టోరియాకీ ఆమె మొగుడు ఫ్రాంక్లిన్‌కీ మూడు వారాలుగా మాటల్లేవు. ఎలక్ట్రీషియన్ పని చేసే ఫ్రాంక్లిన్ దేశానికి అవతలి చివరనున్న పెర్త్‌లో రెండేళ్ళ ఉద్యోగానికి సరేనన్నాడు. అనొచ్చు, తప్పులేదు. కానీ ఆ మాట పెళ్ళాంతో అనకుండా, చర్చి బార్బెక్యూలో సాసేజీలు తిరగేస్తూ పదిమంది ముందూ అన్నాడు. బంగాళాదుంపల సలాడ్ గిన్నె పట్టుకుని నిలబడ్డ విక్టోరియా పదకొండో మనిషిగా విన్నది.

శనివారం ఫ్లైటు. తననీ తీసుకెళ్తున్నాడా, ఒక్కడే పోతున్నాడా? అడగడానికి ఆమెకి అభిమానం అడ్డం. చెప్పడానికి ఆయనకి ఏం అడ్డమో తెలీదు. పెట్టె ఒకటే దింపాడు, కానీ అది ఇద్దరికీ సరిపోయేంత పెద్దది. దాన్ని చూసి ఏమనుకోవాలో ఆమెకి అర్థం కాలేదు.

మాటల్లేని ఇంట్లో కూడా అన్నం ఉడకాలి, చెత్త బిన్ను బయట పెట్టాలి. అలాంటప్పుడు మన ఇళ్ళల్లో "మీ నాన్నకి చెప్పు" అనడానికి మధ్యలో పిల్లలుంటారు. వీళ్ళకి పిల్లల్లేరు, సమ్సోను ఉన్నాడు.

"ఒరేయ్ సమ్సోనూ, కూర ఫ్రిజ్‌లో ఉందని చెప్పరా," అని విక్టోరియా ఒక మేత గింజ విసిరేది. వాడు దాన్ని గాల్లోనే అందుకుని హాల్లోకి పోయేవాడు.

"తినేశానని చెప్పు. రేపు గ్రీన్ బిన్ను రోజని కూడా చెప్పు," అని ఫ్రాంక్లిన్ అక్కడ రెండు గింజలు.

ఇద్దరి మధ్యా పది అడుగులు లేవు. ఎవరేమన్నా రెండోవాళ్ళకి చక్కగా వినిపిస్తూనే ఉంది. అయినా కబురు కబురే, కూలి కూలే.

మంగళవారం పొద్దున సమ్సోను వంటింట్లోకి రాలేదు. తొట్టిలో లేడు. వెతగ్గా వెతగ్గా హాలు సీలింగుకి, స్మోక్ అలారం పక్కన, పుట్టినరోజు మర్నాటి బెలూన్‌లా అంటుకుని కనిపించాడు. దిగాలని తోక కొడుతున్నాడు, దిగలేకపోతున్నాడు. ఫ్రాంక్లిన్ అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. విక్టోరియా కుర్చీ ఎక్కి, తడిచేత్తో మెల్లిగా పట్టుకుని తొట్టిలో వదిలింది. అక్కడా అంతే, ఒక పక్కకి ఒరిగి పైకి తేలిపోయాడు.

గూగుల్ తెరిచింది. రెక్కల అంచులు నల్లబడి చిరిగితే రెక్కలు కుళ్ళే జబ్బట. కాస్త నల్లగా లేవూ? ఒంటిమీద ఉప్పు చల్లినట్టు చుక్కలుంటే ఇంకో జబ్బట. ఒక చుక్క ఉంది, మొదటినుంచీ ఉందేమో. పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి నిలబడితే ఒంట్లో నీరు చేరినట్టట, బతకడం కష్టమట. ఫోన్ లైటు వేస్తే పొలుసులు లేచినట్టున్నాయి, కళ్ళద్దాలు పెట్టుకుంటే లేవనట్టున్నాయి. నీరసం, మూలన ఉండిపోవడం, తిండి సయించకపోవడం అని చదివేసరికి ఈ జబ్బు చేపకో తనకో తేల్చుకోలేకపోయింది.

కంచె అవతల్నుంచి అనంతపురం శ్యామసుందరి ఆంటీ తొంగిచూసింది. "దిష్టి తగిలిందేమోమ్మా. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పులో పారేస్తా."

"మేం అవి చెయ్యం ఆంటీ."

"మీరు చేయొద్దులే, నేను చేస్తా. చేప వద్దంటాదా?"

చేప వద్దనలేదు. మిరపకాయలు మాడాయి, ఇద్దరూ దగ్గారు, సమ్సోను మాత్రం అలాగే తేలుతున్నాడు.

చివరికి వాణ్ణి మూతకి చిల్లులు పెట్టిన పచ్చడి సీసాలో వేసుకుని పెంపుడు చేపల షాపుకి వెళ్ళింది. మూత పెట్టకపోతే కారు టాపుకి అంటుకుంటాడు. షాపులో జుట్టు నెరిసిన తెల్లావిడ సీసా ఎత్తి పక్కనుంచీ పైనుంచీ చూసింది.

"పొలుసులు సాఫీగానే ఉన్నాయి. నీరు చేరలేదు. తిండెక్కువై పొట్ట బిగిసింది, అది లోపలి గాలితిత్తిని నొక్కుతోంది. రోజుకెన్ని గింజలేస్తావ్?"

"ఏదో, కొన్ని."

"ఇంట్లో ఇంకెవరైనా వేస్తారా?"

విక్టోరియా సీసా వైపు చూసింది.

"అయితే వాళ్ళని అడుగు. వీడి పొట్ట వీడి కన్నంత ఉంటుంది, ఎంత పడుతుంది చెప్పు? మూడు రోజులు ఏమీ వెయ్యొద్దు. నీళ్ళు శుభ్రంగా, వెచ్చగా ఉంచు."

లంఖణం పరమౌషధమని బాపట్లలో నాయనమ్మ ఊరికే చెప్పేది. ఇక్కడ అదే మాట కోసం పార్కింగ్‌కి డబ్బులు కట్టాల్సొచ్చింది.

సాయంత్రం ఫ్రాంక్లిన్ బూట్లు విప్పి, నేరుగా తొట్టి దగ్గరికొచ్చి డబ్బాలో చెయ్యి పెట్టాడు. "సమ్సోనూ, శనివారం పదింటికి టాక్సీ వస్తుందని చెప్పరా..."

"వెయ్యకండి!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మూడు వారాల తర్వాత ఆ ఇంట్లో మనిషి మనిషితో అన్న మొదటి మాట అది.

"రోజుకెన్ని వేస్తున్నారు?" అంది, అన్నాక ఇక ఆగలేక.

"కబురుకొకటి. నువ్వో?"

"నేనూ అంతే."

నిన్నటి కబుర్లు ఇద్దరూ వేళ్ళమీద లెక్కపెట్టారు. కూర, బిన్ను, గీజరు, ఇస్త్రీ, సాక్సులు, మళ్ళీ గీజరు. ఇద్దరి వేళ్ళూ చాలలేదు. అన్ని చెప్పుకున్నారు, చెప్పుకోవాల్సింది తప్ప. విక్టోరియాకి ఏడుపొచ్చింది. "మనమేనండీ వాణ్ణి చంపేస్తున్నది."

లంఖణం మొదలైంది. కబుర్లు మోసేవాడు పడకేశాడు కాబట్టి మాట్లాడాల్సొచ్చింది. మాటలన్నీ సమ్సోను గురించే. "దొడ్డికి వెళ్ళాడా?" "ఇంకా లేదు." "నీళ్ళు చల్లబడ్డాయా చూడు." శుక్రవారం మధ్యాహ్నం ఆమె పనిలో ఉన్న ఆయనకి ఫోన్ చేసి "వెళ్ళాడండీ!" అని అరిచింది, ఆయన అవతల అందరికీ వినబడేలా నవ్వాడు. ఇంత బాగుంటే అడిగేయొచ్చుగా అంటే, అడిగితే ఈ మాత్రం కూడా పోతుందేమోనని ఆమె భయం. పెట్టె గుమ్మం దగ్గరికి చేరింది. అందులో తన బట్టలు లేవు, సర్దుకో అని ఎవరూ అనలేదు.

శనివారం టాక్సీ వచ్చింది. ఫ్రాంక్లిన్ తలుపు బార్లా తీసి పెట్టె బయటికి లాగుతుంటే, సమ్సోను తొట్టిలోంచి లేచాడు. పొట్ట తగ్గింది, ఒళ్ళు తిన్నగా ఉంది. ఆయన భుజం పక్కనుంచి వీధిలోకి ఈదుకుంటూ పోయాడు.

"ఏవండీ! బయట పదకొండు డిగ్రీలు! చలికి చచ్చిపోతాడు!"

ఆయన పెట్టె అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఆమె ఇంటి చెప్పులతోనే వెనకాల. బిన్ను లోపలికి లాక్కుంటున్న శ్యామసుందరి ఆంటీ చెయ్యి చూపించింది. "మీ చేప పార్కు పక్క పాయె, తొందరగా పోండి!"

రౌండెబౌట్ దాటాక విక్టోరియాకి ఊపిరందలేదు. ఊపిరితో పాటు అభిమానం కూడా ఎక్కడో జారిపోయినట్టుంది. "టికెట్టు ఒకటా, రెండా?" అని అరిచింది.

ఫ్రాంక్లిన్ ఆగిపోయాడు. "ఒకటే."

తెలిసినట్టే ఉన్నా, "ఎందుకు?" అంది ఆమె.

"అడిగితే రానంటావు. అడక్కపోతే అననట్టే కదా అని..."

"అందుకని ఊరందరికీ చెప్పారా?"

"వాళ్ళు కాదంటే నాకేం? నువ్వు కాదంటేనే..."

ఆమెకి కోపం రావాలి, రాలేదు. ఏడుపూ రాలేదు. ఏం రావాలో తెలియక నిలబడిపోయింది. అంతలో పార్కు బెంచీ దగ్గర సమ్సోను చలికి మందగించి కిందికి దిగుతూ కనిపించాడు. ఆమె పరుగున వెళ్ళి దోసిలి పట్టింది. ఆయన జాకెట్ విప్పి ఆ చేతుల చుట్టూ కప్పాడు.

"ఇప్పుడడగండి," అంది.

"నాతో వస్తావా?"

వస్తాననాలని ఉంది. రాను ఫో అనాలనీ ఉంది. "తెలీదండీ. నిజంగా తెలీదు."

వీధి చివర టాక్సీ హారన్ కొట్టింది. ఫ్రాంక్లిన్ వెళ్ళి కిటికీలోకి వంగి ఏదో చెప్పాడు. టాక్సీ తిరిగి వెళ్ళిపోయింది.

"ఏమన్నారు?"

"మా ఆవిడ ఇంకా చెప్పలేదన్నాను."

"మరి పెర్త్ వాళ్ళకి?"

"ముందు నాకు చెప్పు. వాళ్ళకి తర్వాత చెబుదాం."