గీత మీది సున్నం

నేను ఒక బాల్ బ్యాడ్మింటన్ బంతిని. పసుపుపచ్చ ఉన్ని తప్ప నాలో ఏమీ లేదు. నన్ను చుట్టిన ముసలమ్మ చుడుతున్నంతసేపూ కోడల్ని తిట్టుకుంది. ఆ కోపం వల్లనే కాబోలు, కాస్త గట్టిగా తయారయ్యాను. గట్టి బంతినని ఫైనల్‌కి అట్టిపెట్టారు. మనుషులు కోపాన్ని కూడా వృథా పోనివ్వరు.

జూట్ మిల్లులూ చక్కెర ఫ్యాక్టరీలూ జీతాలిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే రోజులవి. మా మిల్లు జట్టుకు సన్యాసప్పడు పెద్ద. నలభైకి దగ్గరపడ్డాడు, మోకాలు సహకరించడం లేదు. సింహాద్రి అప్పన్న భక్తుడు. నోట అబద్ధం రాదని ఎదుటి జట్లవాళ్లు కూడా ఒప్పుకునేవారు. ఆ ఉదయం మేనేజరు అతన్ని పిలిచి, "కప్పు తెస్తే గోడౌన్‌లో నీకు ఖాయం ఉద్యోగం. లేదంటే జట్టు ఎత్తేస్తున్నాం, నువ్వూ ఇంటికే" అన్నాడు. "సిత్తం బాబూ" అని వచ్చేశాడు గాని, సాయంత్రం చక్కెర ఫ్యాక్టరీ జట్టుతో ఫైనల్‌లో నన్ను పట్టుకున్నప్పుడు అతని చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. సర్వీసుకు ముందు అలవాటుగా నన్ను కళ్లకద్దుకున్నాడు.

"ఏటిరా మావా, పెళ్లికూతుర్ని ముట్టినట్టు ముడతన్నావు! కొట్టరా!" అని గట్టుమీంచి ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు.

కొట్టారు. రెండు జట్లూ చెరొక ఆట గెలిచాక, మూడోది ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది. ఇంకొక్క పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్లది. సర్వీసు ఫ్యాక్టరీవాళ్లది; సర్వీసు ఉన్నవాళ్లకే పాయింటు. వాళ్ల కెప్టెన్ గవరయ్య నన్ను బలంగా కొట్టాడు. సన్యాసప్పడి తల మీదుగా పోయి వెనక గీత మీద పడ్డాను. సరిగ్గా గీత మీదే! సున్నం పొడి లేచింది, నా పక్కకు అంటుకుంది.

"ఔట్!" అన్నాడు అంపైరు.

గవరయ్య పరిగెత్తుకొచ్చాడు. "బాబూ, గీత మీదే పడ్డాది! కళ్లారా సూసినాను. బంతికి సున్నం ఉంటాది, సూడండి."

"సరే, బంతి పట్రండి."

దగ్గరున్నవాడు సన్యాసప్పడే. బంతి మేమే తెస్తామని ఫ్యాక్టరీ కుర్రాడొకడు కదిలితే గవరయ్యే ఆపాడు. "బావ తెస్తాడ్రా. బావ కాడ దగా ఉండదు."

సన్యాసప్పడు వంగి నన్ను తీశాడు. తెల్లటి మచ్చ చూశాడు. చూపిస్తాడనే అనుకున్నాను, అందులో నాకు అనుమానమే లేదు. జనానికి వీపు పెట్టి, అరచేత్తో నన్ను గట్టిగా రుద్దాడు. మళ్లీ రుద్దాడు.

నేను నిర్ఘాంతపోయాను. బ్యాటు దెబ్బలు నాకు లెక్కకాదు, నేను పుట్టిందే వాటికి. కానీ కళ్లకద్దుకున్న చెయ్యే ఇలా చేస్తుందని ఎవరనుకుంటారు? నోరుంటే అరిచేదాన్ని. అప్పన్న మాత్రం చూడలేదా? చూసి ఎందుకూరుకున్నాడు?

అంపైరు నన్ను తిప్పి చూశాడు. పచ్చగా ఉన్నాను. "ఔటే."

సర్వీసు మాకొచ్చింది. ఆ ఒక్క పాయింటూ వచ్చింది. డప్పులు మోగాయి.

గవరయ్య వచ్చి చెయ్యి కలిపాడు. వదిలాక తన అరచెయ్యి చూసుకున్నాడు. తెల్లగా ఉంది. ఎవరికీ వినబడకుండా అన్నాడు. "సెయ్యి కడుక్కో బావా. పిల్లలకి అన్నం కలిపి పెడతావు."

గవరయ్య ఈ సంగతి మరెవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీ అతన్ని ఉంచిందో తీసేసిందో నాకు తెలియదు.

గెలిచిన బంతినని నన్ను సన్యాసప్పడికే ఇచ్చారు. పొయ్యిలో వేస్తే చిటికెలో మాడిపోయేదాన్ని. వెయ్యలేదు. దేవుడి గూట్లో అప్పన్న పటం పక్కన పెట్టాడు. గోడౌన్ ఉద్యోగం ఖాయమైంది. రోజూ దీపం పెడతాడు, పటం వైపు చూస్తాడు, నావైపు చూడడు.

గూట్లోంచి నాకు పెరటి గోలెం కనబడుతుంది. అన్నానికి ముందు అక్కడ చేతులు కడుగుతాడు. మళ్లీ కడుగుతాడు.

"ఇంకేటి మురికుందయ్యా ఆ సేతులకి? నీళ్లు మోసేది నాను కదా!" అని భార్య గొణుగుతుంది. పిల్లలు కంచాల ముందు ఎదురుచూస్తుంటారు.

అతను ఇంకో చెంబు ముంచుతాడు.