ముల్లు నిలిచిన రోజు

యాకయ్య పడవ ఇంజను పక్కన బోర్లా పడుకుని, పళ్లచక్రానికీ దాని వేగాన్ని పసిగట్టే బొటనవేలంత సెన్సర్‌కూ మధ్య పోస్టుకార్డు దూర్చాడు. కార్డు కాస్త ఒరుసుకుంటూ జారింది. అంత సందు చాలు. సెన్సర్ నుంచి వచ్చే ఎర్ర తీగనూ నల్ల తీగనూ, వరంగల్ కొత్తవాడలో జంఖానాలు నేసే తన తండ్రి నూలుకు పెట్టినట్టే పురిపెట్టి, డైనమో తీగకు జానెడు ఎడంగా, ఇంజను వేగం చూపే మీటరు దాకా లాగాడు. నిన్నటిదాకా సెన్సర్ తీగలూ డైనమో తీగా పక్కపక్కనే ఉండి, మీటరు ముల్లు గట్టున పడ్డ చేపలా ఎగిరేది.

హసన్‌పర్తి చెరువులో ఈ మోటారు పడవ దిగి తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ యాకయ్య రోజుకూలీయే. మీటరు బాగుచేసినవాడికి మెకానిక్‌గా పక్కా నౌకరీ ఇస్తానని పర్యాటక శాఖ ఆఫీసరు సుందర్ రావు పోయిన వారమే చెప్పాడు.

"ఏందన్నా, ఇంకా పండుకునే ఉన్నవా? సారు వస్తాండు!" పడవ నడిపే ఆనందరావు ఒడ్డు నుంచి కేకేశాడు.

"జర ఆగురా. ముల్లు గంతులేస్తే నీ పెండ్లి బరాత్‌ల నువ్వు ఎగిరినట్టుంటది."

ఇద్దరూ నవ్వారు. ఆ పెళ్లికి చర్చి ముందు రంగు బల్బుల దండలు కట్టింది యాకయ్యే.

యాకయ్యకు రాయడం రాదు. నిన్న ఏ తీగ ఎక్కడికో అతను చెబుతుంటే, మరిచిపోతే అక్కరకొస్తుందని ఆనందరావు కాగితం మీద రాసి, బొమ్మ గీశాడు. తన మాటలు నీలి సిరాతో బారులు తీరడం చూసి యాకయ్య మురిసిపోయాడు. కాగితాన్ని రెండుసార్లు అడిగి తీసుకుని చూశాడు.

సుందర్ రావును ఎక్కించుకుని పడవ చెరువంతా చుట్టింది. ముల్లు మెల్లగా లేచి, నిలిచింది. తుంపర్లు మొహాన పడుతుంటే యాకయ్యకు నవ్వాగలేదు.

"శభాష్! ఎవరి పని?" సుందర్ రావు అడిగాడు.

తన గురించి తాను చెప్పుకోవడం అలవాటు లేక యాకయ్య ఆనందరావు వైపు చూశాడు. వాడే చెబుతాడు కదా. ఆనందరావు జేబులోంచి కాగితం తీశాడు.

"నేనే సార్. అంతా గీసుకొని చేసిన. యాకన్న తీగలు పట్టిండు."

సుందర్ రావు కాగితాన్ని యాకయ్య ముందు పెట్టాడు. "ఇది ఎవరి రాత?"

"ఆనంద్ రాతే సార్. కానీ చెప్పింది..."

పడవ ఒడ్డుకు తగిలింది. "రేపు దరఖాస్తుతో ఆఫీసుకు రా," అని ఆనందరావు భుజం తట్టి సారు జీపెక్కాడు.

"నా నోట్లె మాట నీ జేబుల వెట్టుకున్నవారా?"

ఆనందరావు నీళ్ల వైపు చూశాడు. "మెకానిక్ అంటే రిజిస్టర్ రాయాలెనే అన్నా. నీకెట్లైనా ఇయ్యకపోదురు. పనివడితే నిన్ను పిలుస్త తీ."

"పిలుస్తవు. రాసెటందుకు నువ్వు, చేసెటందుకు నేను."

ఆనందరావు టికెట్లు చింపడానికి ఒడ్డెక్కాడు. కుదుపులకు సెన్సర్ నట్టు కాస్త వదులైంది. యాకయ్య మళ్లీ బోర్లా పడుకుని దాన్ని బిగించాడు. పడవలో పిల్లలెక్కుతారు మరి.

ఆనందరావు తిరిగొచ్చేసరికి వరంగల్ బస్సు దుమ్ము రేపుకుంటూ మలుపు తిరుగుతోంది. పడవలో యాకయ్య లేడు, అతని పనిముట్ల సంచీ లేదు. ఇంజను కప్పు మీద టిఫిను మూత ఒక్కటే ఉంది. అందులో రోజూలాగే ఆనందరావు వంతు జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. ఇంజను వేడికి రొట్టె అంచులు గట్టిపడుతున్నాయి.