బొడిపె చూడని డాక్టరు

నేను ఒక పళ్ళ ఎక్స్‌రే మిషన్ని. ఇరవై రెండేళ్ళు పాలకొల్లులో ఒక క్లినిక్కు గోడకి వేలాడాను. ఎన్ని నోళ్ళు చూశానో లెక్కలేదు. గౌరవించదగ్గ మనిషి ఒక్కడూ తగల్లేదు.

నా తలకాయలో ఒక గాజు బల్బు, అందులో సన్నటి తీగ. కరెంటు పారితే అది ఎర్రగా కాలి ఎలక్ట్రాన్లని కక్కుతుంది. అవి పోయి ఎదురుగా ఉన్న టంగ్‌స్టన్ బిళ్ళని గుద్దుకుంటే ఎక్స్‌రే పుడుతుంది. కిరణం కంటే వేడే ఎక్కువ పుడుతుంది కాబట్టి, ఆ వేడి మింగడానికి చుట్టూ నూనె పోశారు. నీరసపు కిరణాల్ని అల్యూమినియం రేకు వడగడుతుంది. పక్కలకి పోయేవాటిని సీసం ఆపుతుంది. మిగిలింది గొట్టంలోంచి తిన్నగా పంటి మీదికి, అదీ టైమరు ఒప్పుకున్నంతసేపే. నాలో ఇంత కట్టుదిట్టం ఉంది. నన్ను వాడిన డాక్టర్ సత్యమూర్తికి ఉన్నదల్లా గోడమీద సర్టిఫికెట్టు.

ఒకరోజు పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయించే ఏసుపాదం వచ్చాడు. పైవరస ముందుపళ్ళు రెండూ క్లారినెట్టు మూతి మీద ఆనితేనే అతని స్వరం నిలుస్తుంది. వాటిలో కుడిది సలుపుతోంది.

నా పని నేను చేశాను. కుడి పంటి వేరు కొసన ఉన్న చీముని ఫిల్ము మీద నల్లమచ్చగా చూపించాను. ఫిల్ముకి ఒక మూల చిన్న బొడిపె ఉంటుంది. అది మనవైపు పొడుచుకొచ్చేలా పట్టుకుంటే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే. తిరగేస్తే కుడి ఎడమవుతుంది. సత్యమూర్తి బావమరిదితో ఫోనులో గృహప్రవేశం వంటల గురించి మాట్లాడుతూ, ఫిల్ముని తిరగేసి ట్యూబులైటుకి ఎత్తి పట్టాడు.

"ఎడమది పోయిందయ్యా. తీసెయ్యాలి."

"ఎడమది బానే ఉందండి. సలిపేది ఇటుపక్కదండి."

"నొప్పి పక్కదానికి పాకుద్ది. నీ నోరు నీకు కనపడుద్దా? మిషన్ చెబుతోంది ఇక్కడ."

"ఓసారి మళ్ళీ చూడండి బాబూ. ఈ పళ్ళ మీదే నా బతుకండి."

"నువ్వు బ్యాండు వాయించుకో, పళ్ళు నేను చూస్తాను."

ఏసుపాదం నోరు తెరిచాడు. తన నొప్పిని తనే నమ్మనివాణ్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మంచి పన్ను పోయింది. నాలుగో రోజుకి మొహం వాచింది, కుడిదీ తీయక తప్పలేదు. "మిషన్ పాతబడిందయ్యా, తప్పు చూపించింది," అని సత్యమూర్తి నన్ను గోడనుంచి ఊడబీకించాడు.

ఇప్పుడు జానీబాషా పాత ఇనుము కొట్లో ఉన్నాను. మొన్న ఏసుపాదం పగిలిన కంచు తాళపు చిప్ప ఒకటి అమ్మడానికి వచ్చాడు. బ్యాండులో తాళాలు కొడుతున్నాడట.

"క్లారినెట్టు వదిలేశావంట?" అన్నాడు బాషా.

"కట్టుడు పళ్ళు ఊగుతున్నాయి బాషా, గాలి నిలవట్లేదు." అంతలో నన్ను చూశాడు. "ఇదిగో, నా పన్ను తీయించింది ఇదే. డాక్టరు గారు పాపం ఎంత నొచ్చుకున్నారో. దేవుడాయన."

కాలితో నన్నొక తన్ను తన్ని వెళ్ళిపోయాడు.

నా కిరణాన్ని ఆపేది సీసమేనని నన్ను తయారుచేసినవాళ్ళు రాసిపెట్టారు. ఏసుపాదం తలకాయని పరీక్షించి ఉండరు.